గుడ్డులో పచ్చసొన తింటే కొలెస్ట్రాల్ పెరిగి గుండెజబ్బు వస్తుందా?

చాలామందికి అంత టెన్షన్ అక్కర్లేదు. ఒక పెద్ద గుడ్డు పచ్చసొనలో సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది, నిజమే. కానీ మన ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం శరీరం సొంతంగా తయారుచేసుకున్నదే, అందులో కాలేయం పాత్ర పెద్దది. తిండి ద్వారా ఎక్కువ వస్తే అది తన తయారీని కొంత తగ్గించుకుంటుంది. అందుకే అమెరికా ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాములే అన్న పాత పరిమితిని 2015లో తీసేశాయి. అలాగని ఎంతైనా తినమని కాదు.

అసలు చూసుకోవాల్సింది శాచురేటెడ్ కొవ్వును (వెన్నలా మామూలు వేడిలో గడ్డకట్టే రకం కొవ్వు). రక్తంలోని ఎల్‌డీఎల్‌ను (చెడ్డ కొలెస్ట్రాల్ అంటాం కదా, అదే) కాలేయ కణాలు తమ మీదుండే రిసెప్టర్లతో (ఎల్‌డీఎల్‌ను పట్టుకునే ప్రొటీన్లు) పట్టి లోపలికి లాక్కుంటాయి. ఈ సంగతి కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. శాచురేటెడ్ కొవ్వు ఎక్కువగా ఉండే వెన్న, కొవ్వున్న మాంసం, పామాయిల్ ఎక్కువైతే ఆ రిసెప్టర్ల పని మందగిస్తుంది. ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోయి, ఏళ్ల తరబడి ధమనుల గోడల్లో పేరుకుంటుంది. ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను గడ్డకట్టించేటప్పుడు ఏర్పడే కొవ్వు) ఇంకా చెడ్డది, మంచిదైన హెచ్‌డీఎల్‌ను కూడా తగ్గిస్తుంది.

కాబట్టి గుడ్డు కన్నా దాన్ని దేంట్లో వేయించారన్నదే ముఖ్యం. ఓట్స్, పప్పుధాన్యాల్లోని కరిగే పీచు ఎల్‌డీఎల్‌ను కాస్త దించుతుంది.

షుగర్ ఉన్నవాళ్లు, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు మాత్రం పచ్చసొన ఎంత తినొచ్చో డాక్టర్‌నే అడగాలి. వంశపారంపర్య సమస్యకు పథ్యం ఒక్కటే సాధారణంగా సరిపోదు, మందులు వాడాల్సి వస్తుంది.