ముసాయిదా దానిది, సంతకం మనది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఏఐ గురించే. జీతం పెంపు గురించి, సెలవుల గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. గుంటూరులో ఒక మిర్చి కమిషన్ కొట్టులో 22 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. పోయిన నెల ఓనరుగారి అబ్బాయి అందరి కంప్యూటర్లలో చాట్‌జీపీటీ పెట్టించి, "బాబాయ్, ఇక ఉత్తరాలన్నీ ఇదే రాస్తుంది" అన్నాడు. నేను అరపూట కూర్చుని రాసే ఉత్తరాన్ని అది పది సెకన్లలో రాసి పడేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నమ్మాయి చదువు ఇంకా మిగిలి ఉంది. ఈ వయసులో ఇది నేర్చుకోగలనా? నేర్చుకున్నా నన్ను ఉంచుతారా? టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: ముందు మా ఆఫీసు సంగతి చెప్తాను. నేను టైపు హయ్యర్ పాసై విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్‌గారి దగ్గర చేరాను. 1996లో మాకు మొదటి కంప్యూటర్ వచ్చింది. దానికో గది, గదికి ఏసీ, పైన గుడ్డ ముసుగు. లోపలికి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి. ఆడిటర్‌గారి గదికి కూడా అప్పటికి ఏసీ లేదు. చిట్టా, ఆవర్జా లెక్కల పుస్తకాలు చేత్తో రాసే పెద్ద గుమస్తాగారు ఒకాయన ఉండేవారు. ఆరు నెలలు ఆ గది గడప తొక్కలేదు. ఒకరోజు కంప్యూటర్ తీసిన ట్రయల్ బ్యాలెన్స్, అంటే అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు కలిశాయో లేదో చూసే కాగితం, ఆయన ముందుకొచ్చింది. రెండు వైపులా పైసాతో సహా కలిసింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "కలిసింది సరే, ఈ పార్టీ మనకి ఎప్పుడూ నగదు ఇవ్వడే, బ్యాంకు డీడీ కదా ఇచ్చేది?" అన్నారు. చూస్తే ఒకే ఇంటిపేరున్న ఇద్దరి ఖాతాలు తారుమారయ్యాయి. ఆయన రిటైరయ్యే దాకా ఆ ఆఫీసులోనే ఉన్నారు.

అయితే మీకు అబద్ధం చెప్పను. అదే ఆఫీసులో నాతోపాటు చేరిన ఇద్దరు టైపిస్టులను మూడేళ్లలో మానిపించారు. వాళ్లకి నాకంటే స్పీడు ఎక్కువ. కానీ పార్టీ ఎవరో, ఆ కాగితం ఎందుకో వాళ్లకి ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. మీ అరపూట ఉత్తరంలో టైపింగ్ ఎంత, మీకు తెలిసిన సంగతి ఎంత అన్నది చూసుకోండి. మొదటిది పోయినట్టే అనుకోండి. రెండోది మీ దగ్గరే ఉంది.

ఈ వారం ఒక్క పనితో మొదలుపెట్టండి: బాకీ గుర్తు చేసే ఉత్తరం. ఉత్త "బాకీ ఉత్తరం రాయి" అంటే "మీ బకాయి మొత్తాన్ని తక్షణమే పరిష్కరించవలసినదిగా అభ్యర్థన" అని కోర్టు నోటీసులా వస్తుంది. అది అందుకున్న పార్టీ మళ్లీ మీ కొట్టు మెట్లెక్కడు. అదే ఇలా చెప్పి చూడండి: "పదిహేనేళ్ల పాత పార్టీ. 1,84,000 రావాలి. సంక్రాంతికి ఇస్తానన్నారు, ఇవ్వలేదు. పెద్దాయన, మర్యాద తగ్గకూడదు. ఈ నెలాఖరులోగా సగమైనా కావాలి. ఐదు వాక్యాల్లో, మామూలు తెలుగులో." ఈ నాలుగు ముక్కలు చెప్పగలిగేది మీరే. ఓనరుగారి అబ్బాయికి ఆ పెద్దాయన మొహం కూడా తెలిసి ఉండదు.

వచ్చినదాన్ని చదవకుండా పంపకండి. మీలాంటి కొట్టు నడిపే మా బంధువు ఒకాయన "తేజ 40 బస్తాలు పంపాం" అని చెప్తే, అది "గౌరవనీయులైన తేజ గారికి" అని మొదలుపెట్టింది. తేజ మిరపకాయ అని దానికి తోచలేదు. కూడికలు దానికి అప్పగించకండి, అవి ట్యాలీలోనో ఎక్సెల్‌లోనో చేసుకోండి. పెద్ద పట్టీ ఇచ్చి మొత్తం చెప్పమంటే, తప్పు వచ్చినా తడబడకుండా చెప్తుంది. కామాలు కూడా చూసుకోండి. ఒక్కోసారి 1,84,000ని 184,000 అని రాసేస్తుంది.

ఇంకొకటి. దానికి తెలిసిన లోకం ఒక తేదీ దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితేనే ఆ తర్వాతి సంగతులు చూస్తుంది, ఒక్కోసారి అప్పుడూ పాత పేజీయే పట్టుకొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా. అక్టోబరులో మా కుర్రాడు ఒక పార్టీకి ఏఐతో రాయించిన ఉత్తరంలో 28 శాతమే ఉంది. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. సంతకం నాది మరి. నన్ను పార్టీ అడుగుతాడు గానీ చాట్‌జీపీటీని అడగడు.

నేర్చుకోగలరా అని అడిగారు. వాట్సాప్‌లో మనవడి ఫొటో పంపగలిగిన వాళ్లెవరైనా నేర్చుకోగలరు. ఉంచుతారా అన్నది మీ ఓనరు మనసు మీద కూడా ఉంటుంది, దానికి నేను హామీ ఇవ్వలేను. అబ్బాయి దగ్గర కూర్చుని "ఇది నాకు నేర్పు, ఇందులో తప్పులు నేను చూస్తాను" అని మీరే ముందు అనండి. అతను పిలిచే దాకా ఆగొద్దు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో హెచ్‌ఆర్ చూస్తాను. మా టీమ్‌లో అమ్మాయి 140 మంది ఉద్యోగుల షీటును ఉచితంగా దొరికే ఏఐలో అప్‌లోడ్ చేసింది. ఆధార్, పాన్, జీతం, బ్యాంకు ఖాతా అన్నీ అందులో ఉన్నాయి. ఇంక్రిమెంట్ లెటర్లు తొందరగా అవుతాయని చేసిందట. తిట్టాలా, పైవాళ్లకి చెప్పాలా?

జవాబు: పైవాళ్లకి చెప్పాలి, ఈరోజే. తిట్టడం తర్వాత చూద్దాం. అసలు "ఏవి పెట్టకూడదు" అని మీరెవరైనా ఆ అమ్మాయికి చెప్పారా? చెప్పకపోతే తప్పులో సగం ఆఫీసుది.

పెద్ద కంపెనీలకే ఇది జరిగింది. 2023లో శాంసంగ్ ఇంజినీర్లు తమ కంపెనీ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని తేలాక, ఆ కంపెనీ ఇలాంటి టూల్స్ వాడొద్దని ఉద్యోగులను ఆపేసింది. మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరిలో, ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని తన సిబ్బందికి రాసింది. వ్యక్తుల డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. ఉద్యోగి మీకు ఆధార్ ఇచ్చింది జీతం కోసం, పీఎఫ్ కోసం. ఎవరి సర్వరులోనో పడేయడానికి కాదు.

ముందు ఆ చాట్, ఆ ఫైలు డిలీట్ చేయించండి. సెట్టింగ్స్‌లో మన సంభాషణలను ఆ ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడుకునే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆపించండి. దీంతో జరిగింది జరగనట్టు కాదు, ఇకపై తగ్గుతుంది. ఏం జరిగిందో తేదీతో రాసి ఫైల్లో పెట్టండి. కంపెనీలకు అమ్మే ఖాతాల్లో సాధారణంగా మన డేటాను శిక్షణకు వాడరు. డబ్బు కట్టి అది తీసుకోమని యజమానిని అడగండి. ఖర్చంటే, నెలకి టీ బిల్లు ఎంతవుతుందో ఆయనకి గుర్తు చేయండి.

ఆ ఇంక్రిమెంట్ లెటర్లకి అసలు ఏఐ అక్కర్లేదు. నమూనా ఒకటి రాయించుకుని, పేర్లు, అంకెలు వర్డ్‌లో మెయిల్ మెర్జ్‌తో నింపుకుంటే చాలు. మేము పాతికేళ్ల కిందటే చేసేవాళ్లం. చేతిలో కొత్త గొడ్డలి ఉంటే కొత్తిమీర కూడా దాంతోనే నరుకుతారు పిల్లలు.

ప్రశ్న: మా కాలేజీ ఆఫీసులో పాత తెలుగు సర్క్యులర్లు బోలెడున్నాయి. ఏఐలో కాపీ చేసి పెడితే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. దానికి తెలుగు రాదా? (కరీంనగర్)

జవాబు: దానికి తెలుగు వచ్చు. తప్పు మీ ఫాంటుది. అవి అనూ ఫాంట్లలో టైపు చేసినవై ఉంటాయి. వాటిలో కంటికి కనిపించేది తెలుగు, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ముందు యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్‌లో వేసి, ఒత్తులు సరిచూసుకుని అప్పుడివ్వండి. కాగితం కాపీ ఉంటే ఫొటో తీసి ఇచ్చినా చదువుతుంది. అంకెలు, పేర్లు మాత్రం మళ్లీ కాగితంతో పోల్చుకోండి.

ప్రశ్న: మీటింగు మినిట్స్ ఇప్పుడు ఏఐతో రాయిస్తున్నాం. మావాళ్లు సగం తెలుగు, సగం ఇంగ్లీషు మాట్లాడతారు. మొన్న క్యాంటీన్‌కి కొత్త ఫ్రిజ్ కొనడానికి మేనేజర్ ఒప్పుకున్నట్టు మినిట్స్‌లో వచ్చింది. అవి కిందటి వారమే అందరికీ మెయిల్‌లో వెళ్లిపోయాయి. ఆయన నా మీద ఎగిరిపడ్డారు. నిజంగా ఆయన ఏమన్నారో రికార్డింగ్ విన్నాను. "చూద్దాం లెండి" అన్నారు. (విశాఖపట్నం)

జవాబు: నవ్వు ఆపుకోలేకపోయానమ్మా, ఏమనుకోకు. "చూద్దాం లెండి" అంటే కుదరదని మనకి పుట్టుకతో తెలుసు. దానికి అది "పరిశీలించుటకు అంగీకరించారు". "అలాగే అలాగే" అని రెండుసార్లు అంటే ఇక వదిలెయ్యమని. "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అంటే ఎవరికీ బాధ్యత వద్దని. ఇవి దానికి ఎవరు నేర్పాలి?

మీటింగు మొదట్లోనే రికార్డ్ అవుతోందని అందరికీ చెప్పు. చెప్పకుండా రికార్డ్ చేయడం మర్యాద కాదు, రేపు గొడవ కూడా అవుతుంది. మీటింగు అయిపోయే ముందు రెండు నిమిషాలు అడిగి, "నిర్ణయాలు ఇవీ: ఫలానా పని, ఫలానావారు, ఫలానా తేదీ" అని నువ్వే గట్టిగా చదువు. ఏఐ వాటినే ఎత్తి రాస్తుంది. మేనేజర్ కూడా అక్కడే "కాదు" అనాల్సి వస్తుంది.

ఫ్రిజ్ సంగతికొస్తే, ఆ మినిట్స్ కిందటి వారమే అందరికీ మెయిల్‌లో వెళ్లిపోయాయని రాశావు కదా. క్యాంటీన్‌వాళ్లు ఇంకా అడగలేదా?