ఎండాక పుట్టగొడుగు ఏమీ చెప్పదు, ముందే రాసుకోండి

ప్రశ్న: డిగ్రీలో బోటనీ చదువుతున్నానండి. మొక్కల్ని ఎండబెట్టి కాగితానికి అతికించే హెర్బేరియం షీట్లు చేసిన అలవాటుతో, వానలకి మొలిచిన పుట్టగొడుగులు ఓ పదిహేను రకాలు తెచ్చి పేపర్ల మధ్య ప్రెస్ చేశాను. సగం కుళ్ళిపోయాయి, మిగతావి ఎండి అన్నీ ఒకేలా గోధుమరంగు ముక్కల్లా ఉన్నాయి, ఏది ఏదో నాకే తెలీట్లేదు. తప్పెక్కడ జరిగింది?

జవాబు: పుట్టగొడుగుల్ని ప్రెస్ చెయ్యరండి, అలాగే ఆరబెడతారు. కానీ అసలు నష్టం అంతకంటే ముందే జరిగింది. మొక్క ఎండినా ఆకు ఆకారం, ఈనెలు మిగులుతాయి కదా, పుట్టగొడుగులో చాలావరకు నీళ్ళే కాబట్టి ఎండగానే రంగు, వాసన, జిగురు అన్నీ పోతాయి, అందుకే తాజాగా ఉన్నప్పుడు మీరు రాసుకున్నదే సగం స్పెసిమెన్ (నమూనా) అనుకోండి.

పీకకముందే పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తియ్యండి, టోపీ అడుగుభాగం కూడా పడాలి. నేల మీద మొలిచిందా, కుళ్ళిన కట్టె మీదా, పేడ మీదా, పక్కన ఏ చెట్టుంది, ఇవన్నీ అక్కడే రాసెయ్యండి, ఎందుకంటే చాలా పుట్టగొడుగులు కొన్ని చెట్ల వేళ్ళతో కలిసి బతుకుతాయి, ఆ చెట్టు పేరు తెలిస్తే సగం పని అయిపోతుంది. కాడ పట్టుకుని లాగొద్దు, చాకుతో మట్టి వదులు చేసి మొదలంటా తియ్యండి. అమనిటా అనే రకం పుట్టగొడుగుల్లో చాలావాటికి కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటుంది, అది మట్టిలో ఉండిపోతే గుర్తుపట్టడం చాలా కష్టం. లేతవీ ముదిరినవీ రెండూ తీసుకోండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమట పట్టి మెత్తబడిపోతాయి, పేపర్ కవరే మంచిది, ఒక్కో కవర్లో పెన్సిల్‌తో నంబర్ రాసిన చీటీ ఉండాలి, ఒకసారి వాడిన నంబర్ మళ్ళీ దేనికీ వాడొద్దు.

ఇంటికొచ్చాక రేపు చూద్దాంలే అనుకోవద్దు, కొన్ని రకాలైతే తెల్లారేసరికి నల్లటి సిరాలా కరిగిపోతాయి! కొలతలు రాయండి, కోసి చూడండి, బొలీట్లు అనే రకంలో కొన్ని కొయ్యగానే నీలంగా మారతాయి, లాక్టేరియస్ అనే రకంలో పాలలాంటి ద్రవం కారుతుంది. తర్వాత స్పోర్ ప్రింట్, అంటే పుట్టగొడుగు విత్తనాల్లాంటి స్పోర్స్ కాగితం మీద వేసే ముద్ర, నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. టోపీని సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద అడుగునుండే సన్నటి రేకులు కిందకి ఉండేలా పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి స్పోర్స్ రాలి ముద్ర పడుతుంది. తినే రకాల్లాగే తెల్లగా కనిపించే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు పుట్టగొడుగు ఉంది, దాని ప్రింట్ ఆకుపచ్చగా వస్తుంది, ఆ రంగే దాన్ని పట్టిస్తుంది.

ఆరబెట్టడానికి గాలి ఆడే డీహైడ్రేటర్‌లో 40–45 డిగ్రీలు చాలు, తుంచితే టక్కున విరగాలి, వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. వేడి బాగా పెంచేస్తే ఉడికిపోతుంది, డీఎన్ఏ కూడా పాడవుతుంది. 2012లో ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని, జాతిని గుర్తుపట్టడానికి, ఫంగస్‌లకి బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు, అప్పట్నుంచి డీఎన్ఏ బాగున్న స్పెసిమెన్‌కి విలువ ఇంకా పెరిగింది. అందుకే ఆరబెట్టేముందే చిన్న ముక్క తేమ పీల్చే సిలికా జెల్‌లో వేసి ఉంచండి. ఎండినవాటిని జిప్ కవర్లో పెట్టి కొన్ని రోజులు ఫ్రీజర్లో మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచితే పురుగులు చస్తాయి.

ప్రశ్న: పేరు తెలియనిదాన్ని హెర్బేరియానికి, అంటే ఎండిన నమూనాలు దాచే సంస్థకి, ఇవ్వొచ్చా?

జవాబు: నిక్షేపంగా ఇవ్వొచ్చు. పేరు తర్వాత ఎవరైనా పెట్టగలరు, తేదీ, చోటు, సేకరించినవాళ్ళ పేరు లేకపోతేనే దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. లండన్ క్యూ గార్డెన్స్‌లో 12 లక్షలకి పైగా ఫంగస్ స్పెసిమెన్లు ఉన్నాయి, వాటిని ఇప్పటికీ తీసి చూసి కొత్త జాతులు గుర్తిస్తున్నారంటే ఆ చీటీల వల్లే. పై ప్రశ్న అడిగిన అమ్మాయికి కూడా చెప్తున్నా, ఆ ఎండిన ముక్కలు అప్పుడే పారెయ్యకమ్మా, ఫోన్లో ఆ రోజు ఫోటోలు ఏమైనా ఉంటే తేదీ, లొకేషన్ వాటిలో దొరకొచ్చు, ముందు అవి వెతికి చూడు.