సెన్సార్ మార్చినా చెక్ ఇంజిన్ లైట్ మళ్లీ వెలిగితే

ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) మార్పించిన వారానికే లైట్ మళ్లీ వెలిగిందని, కోడ్ అదే పి0171 అని రాశారు కదండీ. ఇంకో సెన్సార్ కొనకండి, ఆగండి. ఆ కోడ్‌కి అర్థం సెన్సార్ పోయిందని కాదు, బ్యాంక్ 1లో (ఇంజిన్‌లో ఒకటో సిలిండర్ ఉన్న వైపు) గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అవుతోందని. సెన్సార్ ఉన్నమాటే చెప్తోంది పాపం, చాలాచోట్ల ముందు దాన్నే పీకేస్తారు.

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే పరికరం) పెట్టి షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు రెండూ కలిపి చూడండి. ట్రిమ్ అంటే బండి కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 శాతం దాకా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర 5 లోపుకి దిగితే దాదాపుగా వాక్యూమ్ లీకే, అంటే ఎక్కడో సందులోంచి ఇంజిన్‌లోకి లెక్కలో లేని గాలి వస్తోందన్నమాట. ఆర్‌పీఎం పెంచేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే అప్పుడు ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, మురికిపట్టిన ఎయిర్ ఫ్లో సెన్సార్ (మీ బండిలో ఉంటే) చూడాలి.

నా బండిలో లీక్ అదే, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లని మళ్లీ గాలి దారిలోకి పంపేది) వంపు దగ్గర, అడుగువైపు చీలింది. పైనుంచి ఎంత చూసినా కనిపించలేదు, వేలితో తడిమితే దొరికింది. రెండొందల గొట్టం! అంతకుముందు సెన్సార్‌కి వేలు పోశాను, అది వేరే ఏడుపు.

గొట్టం మార్చాక కోడ్ చెరిపి రెండు మూడు రోజులు నడిపి చూడండి. లైట్ ఆగకుండా మిణుకుమిణుకుమంటూ ఉంటే మాత్రం అది మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం), బండి పక్కకి ఆపేయండి.