ఆఖరి కాయితం నేని నవల

“డిటెక్టివ్ సాహిత్య చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు ఏవి? ఎక్కడ మొదలుపెడితే బాగుంటుంది?” అని అడిగారు. నేను విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర పెరిగి, అద్దె పుస్తకాలు చదివి చదివి కళ్ళజోడు తెచ్చుకున్నవాణ్ణి. ఆ అర్హతతోనే చెప్తున్నాను.

మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రోజుకి పావలా. కొట్టు బాబాయి ప్రతి నవలకీ దళసరి అట్ట వేసి, పైన నంబరు మాత్రం రాసేవాడు. పేరూ ఉండదు, రాసినవాళ్ళెవరో తెలీదు. ఏడో తరగతి వేసవి సెలవుల్లో అలా ఒకటి తెచ్చుకున్నాను. జమీందారు హత్య, ఇంట్లో ఆరుగురు అనుమానితులు. రాత్రి డాబా మీద లాంతరు పెట్టుకుని చదువుతుంటే, డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి గొంతు సవరించుకున్నాడు. అంతే. తరవాతి కాగితం ఎవరో చింపేశారు. మర్నాడు వెళ్ళి గొడవ పెట్టుకుంటే బాబాయి తాపీగా, “ఏటి బాబూ, ఒక్క కాయితం నేదని పావలా ఎనక్కి అడుగుతావేటి? మిగతాదంతా సదివీసేవు కదా!” అన్నాడు.

చేసేది లేక మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివాను. మూడుసార్లు. నోటుబుక్కులో ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో రాసుకున్నాను. జమీందారు మేనల్లుడి వాచీ పది నిమిషాలు వెనక నడుస్తోందని ముప్పయ్యో పేజీలో ఉంది. మొదటిసారి ఆ వాక్యాన్ని చూడనే లేదు. అప్పటి నుంచి ఏ డిటెక్టివ్ నవలకైనా నా పరీక్ష ఒకటే: ఆఖరి కాగితం లేకపోయినా హంతకుడు దొరకాలి. చరిత్రని కూడా నేను ఈ కళ్ళజోడుతోనే చూస్తాను.

అందరూ మొదలుపెట్టేది అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పోతో. 1841లో ఫిలడెల్ఫియా పత్రిక గ్రాహమ్స్ మ్యాగజైన్‌లో ‘ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్’ వచ్చింది. మూసిన గది, మేధావి డిటెక్టివ్, కథ చెప్పే స్నేహితుడు, మతిపోయిన పోలీసులు, అన్నీ అందులోనే ఉన్నాయి. నూట ఎనభై ఏళ్ళు దాటింది కాబట్టి చెప్పేస్తున్నాను, చంపింది ఒరాంగుటాన్. నా పరీక్షలో పో ఫెయిల్. పారిస్‌లో మేడ మీది హత్యకి కోతిని ఎవడు అనుమానిస్తాడు?

1868లో వచ్చిన విల్కీ కాలిన్స్ నవల ‘ది మూన్‌స్టోన్’ మనకి కాస్త దగ్గర. అందులో పోయే వజ్రం 1799లో శ్రీరంగపట్నం పడినప్పుడు ఇంగ్లీషువాళ్ళు దోచుకుపోయినది. అంటే దొంగసొత్తు దొంగతనం. కథ మాత్రం నెమ్మది.

షెర్లాక్ హోమ్స్ సంగతి అందరికీ తెలిసిందే. 1887లో మొదటి నవల హక్కులన్నీ కలిపి, ఆయన్ని సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్‌కి దక్కింది 25 పౌండ్లు. 1893లో విసిగిపోయి హీరోని జలపాతంలోకి తోసేశాడు. పాఠకులు ఊరుకోలేదు, 1903లో బతికించక తప్పలేదు. నాకు హోమ్స్ అంటే ప్రాణం. కానీ అతను చూసిన సిగరెట్ బూడిద మనకి చాలాసార్లు ఆఖర్నే తెలుస్తుంది. అది మేజిక్ షో, మనం చప్పట్లు కొట్టేవాళ్ళం.

నా దృష్టిలో అసలు మలుపు 1926 నుంచి 1930 మధ్య వచ్చింది. 1926లో అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ వచ్చాక ఇది మోసమని కొందరు, కాదు, అన్నీ కళ్ళ ముందే పెట్టిందని కొందరు కొట్టుకున్నారు. ముగింపు చెప్పను, చెప్తే మీ తిట్లు తగుల్తాయి. నేను రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. మోసం లేదు. అదే ఏడాది డిసెంబరులో క్రిస్టీయే మాయమైంది. పదకొండు రోజుల తరవాత హారోగేట్‌లోని ఒక హోటల్లో, భర్త ప్రియురాలి ఇంటిపేరుతో దిగి ఉండగా దొరికింది. ఈలోపు డాయిల్ ఆమె గ్లోవ్ ఒకటి తీసుకెళ్ళి ఆత్మలతో మాట్లాడతాననే ఒకాయనకి చూపించాడు. హోమ్స్‌ని పుట్టించినవాడు సోదె చెప్పించుకోవడం! నాకిప్పటికీ నవ్వొస్తుంది.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ పురోహితుడు డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. రహస్య మార్గం ఒకటికి మించకూడదు, ఎవరికీ తెలియని విషాలు వాడకూడదు, కవలలుంటే ముందే సూచించాలి. మన డబుల్ యాక్షన్ సినిమాలు చూస్తే ఆయన ఏమైపోయేవాడో! ఆ ఏడాదే ఎలరీ క్వీన్ పేరుతో రాసే ఇద్దరు కజిన్లు తమ మొదటి నవల ‘ది రోమన్ హ్యాట్ మిస్టరీ’లో, చివరికి ముందు కథ ఆపి, “ఆధారాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి, ఇప్పుడు మీరు చెప్పండి” అన్నట్టు పాఠకుణ్ణి సవాలు చేశారు. అది చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా బాబాయి కొట్టులో పొరపాటున జరిగింది వీళ్ళు కావాలనే చేశారు.

అమెరికాలో డాషియెల్ హామెట్, రేమండ్ చాండ్లర్ అనే రచయితలు ఈ ఆటనే పక్కకి నెట్టి వీధుల్లోకి, లంచాల్లోకి వెళ్ళారు. అది చదివితే నాకు మా ఊరి ప్లీడరు రావిశాస్త్రి గారే గుర్తొస్తారు. ఆయన్ని క్రైమ్ రచయిత అని ఎవరూ అనరు గానీ, ‘ఆరు సారా కథలు’ చదవండి. నేరం ఎవరు చేశారన్నది అక్కడ ప్రశ్నే కాదు, కేసు ఎవరి మీద పడుతుందన్నదే.

తెలుగులో మా తరాన్ని పట్టుకున్నది కొమ్మూరి సాంబశివరావు, ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. విశాఖలోనే పుట్టిన ఆరుద్ర కూడా అపరాధ పరిశోధన నవలలు రాశారు. సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన చేత్తోనే! ఇలాంటి నవలలు చదువుతుంటే మా అమ్మ “చదువు చట్టుబండలవుతుంది” అని లాక్కునేది. మధ్యాహ్నం పని అయ్యాక తనే చదివేది, నాకంటే ముందు హంతకుణ్ణి చెప్పేసేది కూడా.

మొదలుపెట్టడానికైతే ముందు యుగంధర్, తరవాత క్రిస్టీ. ఎడ్గార్ అలన్ పో కథలు ఆఖర్న చూడొచ్చు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, అటువైపు వెళ్తే అడిగి చూడండి.

ఇక ఆ చిరిగిన నవల పేరు నాకెప్పటికీ తెలీలేదు. పదో తరగతికొచ్చేసరికి కొట్టు ఎత్తేశారు. జమీందారు హత్య, ఆరుగురు అనుమానితులు, పది నిమిషాలు వెనక నడిచే వాచీ. మీలో ఎవరైనా చదివుంటే పేరు చెప్పండి. హంతకుడెవరో మాత్రం చెప్పొద్దు. నా అనుమానం ఇప్పటికీ మేనల్లుడి మీదే.