లెక్క ఎక్కడ తెగిందో అక్కడికే వెళ్లండి

మీరు, "నాకు 31 ఏళ్లు, ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో బి.కాం.లో చేరాను, భాగహారం, శాతాలు కూడా సరిగా రావు, ఈ వయసులో మొదటి నుంచి నేర్చుకోవడం వీలవుతుందా, చదివింది తెల్లవారేసరికి మరిచిపోతున్నాను, కాలిక్యులేటర్ పెట్టుకుని గట్టెక్కవచ్చా" అని అడిగారు.

వీలవుతుంది. నేను నేర్చుకున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. కాలిక్యులేటర్ సంగతి చివర చెబుతాను.

మిర్యాలగూడలో మాకు కిరాణా కొట్టు ఉంది. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక సార్వత్రిక పాఠశాల ద్వారా ఇంటర్ పూర్తిచేసి, 36వ ఏట బి.కాం.లో చేరాను. అప్పటికి పన్నెండేళ్లుగా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాను. పావు కిలో కందిపప్పు, అర కిలో బెల్లం, ముప్పావు కిలో చక్కెర, మొత్తం ఎంతో చెప్పి, నోటు తీసుకుని, చిల్లర ఇచ్చి పంపడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక. అందుకే నాకు లెక్కలు రావని నేను ఎన్నడూ అనుకోలేదు. మొదటి సంవత్సరం అకౌంట్స్ పరీక్ష రాసేదాకా.

ఆ రోజు ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్) వేస్తుండగా నా కాలిక్యులేటర్ ఆగిపోయింది. కాగితం మీద 40,003 నుంచి 17,568 తీసివేయాలి. నాకు 37,565 వచ్చింది. పట్టీ రెండు వైపులా కలవలేదు. మళ్లీ చేశాను, మళ్లీ 37,565. మూడోసారీ అదే. అంతకన్నా ముందు వేసిన అంకెల్లో ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని, సరిగ్గా ఉన్నవన్నీ కొట్టివేసి గంట సేపు తిరగరాశాను. గంట కొట్టారు. కాగితం ఇచ్చేసి బయటకు వచ్చాను.

మా తరగతిలో ఆర్టీసీ కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన పెద్దాయన ఒకరు ఉండేవారు. నేను బాబాయిగారూ అంటాను, ఆయన అమ్మా అంటారు. ఆ రోజు నా ముఖం చూసి పరీక్షా కేంద్రం ఎదురుగా ఉన్న టీ కొట్టుకు తీసుకువెళ్లారు. రెండు టీలు, మూడు సమోసాలు, 65 రూపాయలు అయ్యాయి. నేను 500 నోటు ఇచ్చి, కొట్టతను లెక్క వేసుకునేలోపే "435 ఇవ్వాలి" అన్నాను. బాబాయిగారు నావైపు తిరిగి, ఎలా చెప్పావమ్మా అని అడిగారు. 65కు అయిదు కలిపితే 70, ముప్పై కలిపితే వంద, ఆపైన నాలుగు వందలు అన్నాను. ఆయన ప్రశ్నపత్రం వెనక 500 రాసి, కింద 65 రాసి, అడ్డగీత గీసి, "ఇప్పుడు దీన్ని బడిలో చేసినట్టు చెయ్యి" అన్నారు.

నేను 565 అని రాశాను.

అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, ఎందుకంటే మీరు తెలుసుకోవలసిన అసలు విషయం అక్కడే ఉంది. అయిదు వందలు ఇచ్చి టీ తాగితే 565 తిరిగి రాదని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? అయినా గీత గీసి నిలువుగా రాసేసరికి, ఆ అంకెలు డబ్బు కావడం మానేశాయి. బాబాయిగారు నా పరీక్ష లెక్కనూ చూశారు. "అమ్మా, నువ్వు మూడుసార్లు చేసినా ఒకే జవాబు వచ్చింది. తెలియనివాళ్లకు మూడు రకాలుగా వస్తుంది. నీ దగ్గర ఏదో ఒక నియమం ఉంది, అదే తప్పు" అన్నారు. నిజమే. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేస్తున్నాను, ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడకుండా. 3 కింద 8 ఉంటే 8 లోంచి 3 తీసి 5 వేశాను. సున్న కింద 6 ఉంటే 6 దించాను. ముప్పై ఏళ్ల కిందట మూడో తరగతిలో మా పంతులుగారు చెప్పిన "చిన్నదానిలోంచి పెద్దది పోదు" అన్న మాటను నేను అలా పట్టుకుని ఉండిపోయాను.

ఆ తరువాత ఆయన ఒక ప్రశ్న అడిగారు. "నీకూ మీ అమ్మాయికీ వయసులో తేడా ఎంత?" ఇరవై నాలుగు అన్నాను. "నాలుగేళ్ల కిందట?" అప్పుడూ ఇరవై నాలుగే. "అయితే 40,003 నుంచి నాలుగు తగ్గించు, 17,568 నుంచీ నాలుగు తగ్గించు. తేడా మారదు కదా." 39,999 లోంచి 17,564. పైన ఉన్నవన్నీ తొమ్మిదులే, పక్క అంకెను అప్పు అడగవలసిన పని లేదు. 22,435 అని ఒక్క గుక్కలో వచ్చింది. దాన్ని 17,568కి కలిపి సరిచూడమన్నారు. 40,003 వచ్చింది. టీ చల్లారిపోయింది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. తీసివేతలో "పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకో" అని నేర్పుతారు. పక్కన సున్న ఉంటే ఎవరి దగ్గర తెచ్చుకోవాలని చిన్నప్పుడు నేను లేచి అడిగాను. చెంప మీద దెబ్బ పడింది, జవాబు రాలేదు. ఆ తరువాత నేను ఏ తరగతిలోనూ లేచి ఏదీ అడగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అప్పు అనే మాటే తప్పు. తిరిగి ఇవ్వనక్కరలేనిది అప్పు ఎలా అవుతుంది? అది చిల్లర మార్చడం. 40,003ను గల్లాపెట్టెలా చూడండి. నాలుగు పదివేల కట్టలు, మూడు రూపాయి బిళ్లలు ఉన్నాయి, మధ్యలో ఏమీ లేవు. ఒక కట్ట విప్పి మార్చితే మూడు పదివేలు, తొమ్మిది వేలు, తొమ్మిది వందలు, తొమ్మిది పదులు, పదమూడు ఒకట్లు. డబ్బు అంతే ఉంది, చిల్లర మాత్రమే మారింది. ఈ మాట మూడో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే నా చదువు వేరే దారిలో వెళ్లేదని నా నమ్మకం.

పుస్తకాల భాష మీదా నాకు కోపమే. కూడిక, తీసివేత, గుణించడం, భాగించడం అని ఇంట్లో అందరికీ తెలిసిన మాటలు ఉండగా సంకలనం, వ్యవకలనం అని రాస్తారు. శాతం అంటే నూటికి అని, అంతకు మించి అందులో ఏమీ లేదని నాకు 36 ఏళ్లు వచ్చేదాకా తెలియదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అని మన ఊళ్లలో పాలు పోసే అమ్మ కూడా లెక్క కట్టగలదు. అది నెలకు కాబట్టి ఏడాదికి 24 శాతం అవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. డ్వాక్రా సంఘంలో బ్యాంకు వాళ్లు ఏడాది లెక్కన శాతం చెబితే, బయట రెండు రూపాయల వడ్డీయే తక్కువ అనుకున్న ఆడవాళ్లను నేను నా కళ్లతో చూశాను. వాళ్ల చేత ఎక్కువ వడ్డీ కట్టించింది ఆ ఒక్క మాట తెలియకపోవడమే.

కొట్టులో లెక్క వచ్చి కాగితం మీద రాకపోవడం నా ఒక్కదాని లోపం అనుకునేదాన్ని. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన గురించి చదివాక ఆ బెంగ పోయింది. నోబెల్ పొందిన ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరికొందరితో కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలను పరీక్షించారు. బేరంలో నోటితో తడుముకోకుండా లెక్క చెప్పిన పిల్లలు బడి పద్ధతిలో కాగితం మీద ఇచ్చిన తేలిక లెక్కల దగ్గర తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు కాగితం మీద చేసి, బజారు లెక్క దగ్గర తడబడ్డారు. రెండింటికీ మధ్య వంతెన వేసేవాళ్లు లేరు. నాకు బాబాయిగారు దొరికారు. మీకు దొరకకపోతే మీరే వేసుకోవాలి.

ఎలా అంటే, ముందుగా తెగిన చోటు వెతకండి. డిగ్రీ పుస్తకం పక్కన పెట్టి, ప్రభుత్వ మూడో తరగతి గణితం పుస్తకం తెరవండి. అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. మీ ఇంట్లో పిల్లలు ఉంటే వాళ్లదే చాలు. చివరి పేజీ నుంచి కాకుండా మొదటి పేజీ నుంచి చేయండి. చేసిన తప్పులను కొట్టివేయకండి, ఒకే రకం తప్పులను ఒక చోట రాసి చూడండి, మీ నియమం ఏమిటో బయటపడుతుంది. నేను కొట్టు తెరిచే ముందు రోజూ నలభై నిమిషాల చొప్పున మూడు, నాలుగు, అయిదు తరగతుల పుస్తకాలు నాలుగు నెలల్లో పూర్తిచేశాను. ఆ నాలుగు నెలలు వృథా అని మా ఆడపడుచు అంది. డిగ్రీ చదివే మనిషి మూడో తరగతి పుస్తకం ముందు వేసుకోవడం చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ నా బదులు పరీక్ష రాయడానికి రాలేదు.

ఎక్కాలకు భయపడుతున్నారేమో. ఇరవై ఎక్కాలు వల్లించనక్కరలేదు. రెండు నుంచి తొమ్మిది దాకా 64 గుణకారాలు ఉంటాయి. ఏడెనిమిదులు, ఎనిమిదేడులు ఒకటే కాబట్టి 36 మిగులుతాయి. రెండుతోనూ అయిదుతోనూ ఉన్నవి ఎవరికైనా వస్తాయి, వాటిని తీసేస్తే 21. తొమ్మిదితో గుణించాలంటే పదితో గుణించి, అందులోంచి ఆ అంకెను ఒకసారి తీసేయండి, ఇంకో ఆరు పోయాయి. మిగిలినవి పదిహేను. నేను ఆ పదిహేనింటినీ చీటీలపై రాసుకుని గల్లాపెట్టెలో పెట్టుకున్నాను. గిరాకీ లేనప్పుడు ఒకటి తీసి చూసేదాన్ని. మూడు వారాలు పట్టింది.

శాతాలకు పది శాతం మొదలు పెట్టుకోండి. 640లో పది శాతం 64, అయిదు శాతం అందులో సగం 32, కలిపితే పదిహేను శాతం 96. 50లో 18 శాతం కావాలంటే 18లో 50 శాతం చూడండి, తొమ్మిది. రెండూ ఒకటే. తడబడేది దేని మీద శాతం అన్న దగ్గర. 500 రూపాయల చీరకు 20 శాతం పెంచి 600 చేసి, మళ్లీ 20 శాతం తగ్గిస్తే 480 వస్తుంది, 500 రాదు. మీ బి.కాం.లో కన్‌సైన్‌మెంట్ (సరుకును అమ్మిపెట్టమని ఇంకొకరికి పంపడం) పాఠం వచ్చేసరికి ఇదే పెద్ద ముడి. కొన్న ధర మీద 25 శాతం లాభం అంటే అమ్మిన ధర మీద 20 శాతం. వందకు కొని 125కు అమ్మారు, లాభం 25, అది 125లో అయిదో వంతు. మా తరగతిలో సగం మంది దీన్ని బట్టీ పట్టారు. ప్రశ్నలో 25 బదులు 50 ఇచ్చినప్పుడు వాళ్లంతా ఆగిపోయారు.

బట్టీ సంగతి వచ్చింది కాబట్టి మరుపు గురించి. మీరు చదివింది నిలవకపోవడానికి కారణం వయసు కాదు. మీరు చదువుతున్నారు, గుర్తుచేసుకోవడం లేదు. పరీక్షల ముందు అమ్మే గైడ్లు మనకు నేర్పింది అదే, గీతలు గీసుకుంటూ పదిసార్లు చదవడం. ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, ఖాళీ కాగితం మీద గుర్తున్నంత రాయండి. మొదట్లో నాకు మూడు వాక్యాలు కూడా వచ్చేవి కావు. రాయలేకపోయినవి మాత్రమే మళ్లీ చదివేదాన్ని. మరునాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారానికి ఒకసారి అదే పేజీ చూడకుండా రాసేదాన్ని. మరుపు ఎంత వేగంగా వస్తుందో జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకుని రాశాడు. నూట నలభై ఏళ్లు గడిచినా మన బడులు ఆ మాట పిల్లలకు చెప్పవు. లెక్కలకూ ఇదే పద్ధతి. సాధించిన లెక్కను చూస్తే అర్థమైనట్టే ఉంటుంది. జవాబు మూసి మొదటి నుంచి మీరు చేయగలిగితేనే అది మీది.

రాత్రి పదింటికి అలిసిపోయి రెండు గంటలు కూర్చోవడం కంటే తెల్లవారుజామున నలభై నిమిషాలు మేలు. ఇంట్లో ఆడవాళ్లకు అది కూడా దొరకదని నాకు తెలుసు. మా వారు పొద్దున పాలు కాచి పిల్లలను లేపడం మొదలుపెట్టాకే నాకు ఆ నలభై నిమిషాలు దొరికాయి. అడగండి. అడగకుండా ఎవరూ ఇవ్వరు.

ఆ అకౌంట్స్ పేపరు రెండోసారి రాసి 61 మార్కులతో గట్టెక్కాను. బాబాయిగారు మొదటిసారికే 74 తెచ్చుకున్నారు. టికెట్ వెనక చిల్లర బాకీ రాసి ఇచ్చి, బస్సు దిగేలోపు యాభై మందికి లెక్క తేల్చిన మనిషి ఆయన.

ఇక కాలిక్యులేటర్. కొనండి, వాడండి. కాకపోతే ప్రతిసారీ మీట నొక్కే ముందు జవాబు దాదాపు ఎంత ఉండాలో కాగితం అంచున పెన్సిలుతో రాయండి. 40,003లోంచి 17,568 పోతే, నలభై వేలలోంచి సుమారు పద్దెనిమిది వేలు పోయినట్టు, ఇరవై రెండు వేలు. నేను ఆ రోజు అంచున 22,000 అని రాసి ఉంటే 37,565ను చూడగానే పట్టుకునేదాన్ని. ఇంకొక సంగతి, పరీక్షకు వెళ్లే ముందు రోజు బ్యాటరీ మార్చండి.