కోర్సుల సంగతి సరే, మీ ప్రాజెక్టులో మీరేం చేశారు?

"ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఉన్నాను. చదువు పూర్తయ్యేలోపు ఉద్యోగం రావాలంటే ఇప్పటినుంచే ఏ కోర్సులు చేయాలి?" అని అడిగారు. కోర్సుల జాబితా ఇచ్చేవాళ్ళకు కొదవలేదు కాబట్టి నేనివ్వను. నా దగ్గర పదకొండు సర్టిఫికెట్లు ఉన్నాయి. ఇన్నేళ్ళలో వాటిలో ఒక్కదాని గురించి కూడా ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడిగింది వేరే.

నాలుగో ఏడాదిలో నా మొదటి ఇంటర్వ్యూ. రెజ్యూమెలో అన్నిటికన్నా పైన "ఆన్‌లైన్ లైబ్రరీ" అనే ప్రాజెక్టు పెట్టుకున్నాను. నలుగురం కలిసి చేశామని రాశాను గానీ, నలుగురిలో ఒక్కడే చేశాడని రాయలేదు. ఆ ఒక్కడు నేను కాదు. నేను రిపోర్టు టైపు చేశాను. విషయసూచిక, పేజీ నంబర్లు, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు, అన్నీ నా చలవే. కోడ్‌లో ఎప్పుడేం మార్చామో గుర్తుపెట్టుకునే గిట్ అనే సాధనం 2005 నుంచీ లోకంలో ఉన్నా మా కోడ్ మాత్రం "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అనే మూడు జిప్ ఫైళ్ళలో ఉండేది. ఏది ఫైనలో ఆ ఒక్కడికే తెలుసు.

ఇంటర్వ్యూ చేసినాయన రెజ్యూమె మీంచి తలెత్తకుండానే అడిగారు: "ఒక పుస్తకం ఒకే కాపీ మిగిలింది. ఇద్దరు ఒకే క్షణంలో 'తీసుకుంటాను' అని నొక్కారు. మీ ప్రోగ్రాం ఎవరికిస్తుంది?"

"ముందు నొక్కినవాళ్ళకి సార్."

"ఒకే క్షణంలో అన్నాను కదా."

"ఒకే క్షణంలో ఎవరూ నొక్కరు కదా సార్" అన్నాను. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆయన వాదించలేదు. పెన్నుకు క్యాప్ పెట్టేసి, "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అన్నారు. మొత్తం ఏడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం మా ఒక్కడి దగ్గరికి వెళ్ళి అదే ప్రశ్న వేశాను. వాడికీ తెలియదు! ఇద్దరం రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. కాపీ ఉందా లేదా అని చూసే లైనుకీ, లెక్కలోంచి ఒకటి తగ్గించే లైనుకీ మధ్య కావాలనే ఐదు సెకన్ల ఆలస్యం పెట్టి, ఒకడు నొక్కిన వెంటనే రెండోవాడు నొక్కాం. ఇద్దరికీ "మీకు పుస్తకం ఇచ్చాం" అని వచ్చింది. లైబ్రేరియన్ పేజీలో చూస్తే, మిగిలిన కాపీలు: -1. పడీ పడీ నవ్వుకున్నాం. తర్వాత భయమేసింది, ఎందుకంటే ఈ ప్రాజెక్టుకి మాకు పూర్తి మార్కులు వేశారు. సరిచేయడం చూస్తే ఇంతే: ముందు చూసి తర్వాత తగ్గించడం కాకుండా, "కాపీలు సున్నా కంటే ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు" అని డేటాబేస్‌కి, అంటే లెక్కలన్నీ దాచుకునే చోటికి, ఒకే ఆదేశంగా చెప్పాలి (అప్పుడు చూడడానికీ తగ్గించడానికీ మధ్య ఇంకొకరు దూరలేరు), అది నిజంగా తగ్గించిందో లేదో చూశాకే జవాబివ్వాలి. అది తెలిసేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ మూడు నాలుగు గంటల్లో తెలిసినంత డేటాబేస్ నాకు సెమిస్టర్ మొత్తంలో తెలియలేదు. ఆ సబ్జెక్టులో నాకు మంచి మార్కులే వచ్చాయి, అది వేరే సంగతి.

కాబట్టి మొదటి ఏడాది నుంచీ చేయాల్సింది నా దృష్టిలో ఒకటే. సెమిస్టర్‌కి ఒక చిన్న పని, పూర్తిగా మీ చేతులతో చేయండి. చిన్నదంటే నిజంగా చిన్నది. హాస్టల్లో ఎవరెవరికి ఎంత బాకీ ఉందో లెక్క చూపించే ప్రోగ్రాం చాలు. తయారయ్యాక దాన్ని చెడగొట్టడానికి చూడండి. ఏం చెడింది, ఎలా బాగుచేశారు అన్నది తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎనిమిది సెమిస్టర్లకి ఎనిమిది కథలు. ఇంటర్వ్యూలో మీరు పది నిమిషాలు తడుముకోకుండా మాట్లాడగలిగేది వాటి గురించే. మార్కులు అక్కర్లేదని నేననడం లేదు, చాలా కంపెనీలు ఇంత శాతానికి తక్కువైతే పిలవనే పిలవవు. ఆ గీత దాటండి చాలు, అంతకుమించి మార్కుల కోసం తల బద్దలు కొట్టుకోకండి.

అన్నట్టు, రెజ్యూమెలో "జావా 80 శాతం" అని రంగురంగుల గీతలు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మిగతా 20 శాతం ఎక్కడుందో ఎవడైనా చెప్పగలడా? కాలేజీలకొచ్చి "మీ ప్యాషన్ వెతుక్కోండి" అని గంటసేపు ఉపన్యాసమిచ్చి వెళ్ళేవాళ్ళు ఇంకో రకం. పద్దెనిమిదేళ్ళ పిల్లలకి ముందు లాబ్‌లో పనిచేసే కంప్యూటర్ దొరికితే ప్యాషన్ సంగతి తర్వాత చూసుకుంటారు.

ఇంతకీ నాకు ఉద్యోగం ఎలా వచ్చిందంటే, క్యాంపస్ ఇంటర్వ్యూల్లో రాలేదు. మాకంటే రెండేళ్ళు పెద్దయిన ఒక సీనియర్ ఉండేవాడు. లాబ్‌లో రెండుసార్లు మాట్లాడానేమో, అంతే పరిచయం. ఆ -1 కథ ఒక గ్రూపులో సరదాగా రాస్తే చదివి, "తమ్ముడూ, మా టీంలో జూనియర్లని తీసుకుంటున్నారు, వస్తావా?" అని మెసేజ్ పెట్టాడు. ప్రాణస్నేహితులు ఎవరూ నాకు ఉద్యోగం చూపించలేకపోయారు. ఎలా చూపిస్తారు, వాళ్ళకి తెలిసిన ఖాళీలన్నీ నాకూ తెలిసినవే కదా! దీని మీద మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాశాడు. బోస్టన్ శివారులో ఉద్యోగం మారినవాళ్ళని కలిసి, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని "ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగాడు. తరచుగా అన్నవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్ళు 55.6 శాతం, అరుదుగా అన్నవాళ్ళు 27.8 శాతం. లింక్డిన్‌లో రెండు కోట్ల మంది మీద జరిగిన పరిశోధన 2022లో వచ్చింది, అందులోనూ మరీ దగ్గరివాళ్ళకన్నా కొద్దిపాటి పరిచయస్తులే ఎక్కువ అక్కరకొచ్చారని తేలింది. కాబట్టి క్యాంటీన్‌లో రోజూ అదే బెంచీ మీద అదే ముగ్గురితో కూర్చోకండి. నాలుగేళ్ళూ నేను చేసిన పని అదే.

ఈమధ్య నన్ను కూడా ఇంటర్వ్యూలకి కూర్చోబెడుతున్నారు. నేనూ ఆ పుస్తకం ప్రశ్నే అడుగుతాను, కొద్దిగా మార్చి. పోయినసారి ఒకమ్మాయి సినిమా టికెట్ల ప్రాజెక్టు చేశానంది. ఒకే సీటు ఇద్దరు నొక్కితే అన్నాను. "ఇద్దరికీ ఇచ్చేస్తుంది సార్. పోయిన నెలే చూశాను, ఇంకా సరిచేయలేదు" అని, కాగితం తీసుకుని ఎలా సరిచేయొచ్చో రెండు దారులు గీసింది. రెండోది ఎందుకు మేలో నాతోనే పావుగంట వాదించింది. ఇప్పుడు మా టీంలోనే ఉంది, నా పక్క సీటు. ఆ టికెట్ల బగ్ మాత్రం ఇంకా అలాగే ఉందట.