కెమిస్ట్రీ ఒలింపియాడ్‌కు తిరుపతి నుంచి ఎలా సిద్ధపడాలి?

తిరుపతిలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మీ అమ్మాయికి తొలి మెట్టు, భారత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల సంఘం ఏటా నవంబరులో నిర్వహించే ఎన్‌ఎస్‌ఈసీ (జాతీయ స్థాయి రసాయనశాస్త్ర ప్రాథమిక పరీక్ష). అందులో నెగ్గినవారు ఐఎన్‌సీహెచ్‌ఓ (భారత జాతీయ కెమిస్ట్రీ ఒలింపియాడ్) రాస్తారు; అక్కడా రాణిస్తే ముంబైలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం శిబిరానికి పిలుపు వస్తుంది, ఆ శిబిరంలోనే భారత జట్టుకు నలుగురిని ఎంపిక చేస్తారు. 1968లో ప్రాగ్‌లో మొదలైన అంతర్జాతీయ కెమిస్ట్రీ ఒలింపియాడ్‌లో మన దేశం 1999 నుంచి పాల్గొంటోంది.

ఆ అంతర్జాతీయ పోటీలో 40 శాతం మార్కులు ప్రయోగాలకే ఉంటాయి కనుక, ఈఏపీసెట్ బిట్లు సాధన చేస్తే చాలుననుకోవడం పొరపాటని నా గట్టి అభిప్రాయం. క్షారంలో గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ సూచిక కలిపిన ఆమ్లంలోకి బ్యూరెట్ (కొలత గీతలు, కుళాయి ఉన్న గాజు గొట్టం) నుంచి క్షారం చుక్కచుక్కగా పడుతుండగా, లేత గులాబీ రంగు అర నిమిషం నిలిచేలా చేసే ఆ ఒక్క చుక్క దగ్గర ఆగడం, ల్యాబులో పదేపదే చేస్తేనే చేతికి అలవడుతుంది.